బోల్టుకు చుట్టిన తెల్ల టేపు

కావలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయట పెట్టవద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. ఉత్తరంలోని విషయం ఇది.

ఆయన సముద్రానికి దగ్గరగా రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొన్నారు. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్న బండి. తండ్రికి మూత్రపిండాలు దెబ్బతినడంతో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నెల్లూరు తీసుకువెళ్లాలి. ఆ ప్రయాణానికీ, గుంటల మీదికి పోయి రావడానికీ ఈ బండే ఆధారం.

కార్తీకంలో వానలు పట్టుకున్న రోజుల్లో బంధువుల ఇంట పెళ్లికి రైల్లో హైదరాబాదు వెళ్లారు. వెళ్తూ గుంటల దగ్గర షెడ్డు పక్కన బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి వెళ్లారు. 12 రోజుల తరువాత వచ్చి చూస్తే బ్రేకు వదల్లేదు. బండిని ఇంజను బలంతో ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఊపితే ‘టంగు’మని విడిచింది. అప్పటి నుంచి ఎడమ వెనక చక్రం వేడెక్కుతోంది, బండి దిగగానే కాలిన వాసన వస్తోంది, మైలేజీ పడిపోయింది.

ఆ చక్రం విప్పింది ఆయన బావ, అంటే సొంత అక్క భర్త. ఊళ్లో ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్లు, గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. బ్రేకు ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే పిస్టన్ వెనక్కి పోకపోతే, సీ ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు (సీ క్లాంపు) పెట్టి నొక్కారు. ఆ పిస్టన్ ఇమిడి ఉండే కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల్లో పై దానిని విప్పుతుంటే లోపలి కడ్డీ కూడా దానితోపాటే తిరిగింది. చాలాసేపు పెనుగులాడి ఊడదీశారు. అన్నీ బిగించి, ‘అయిపోయింది, ఇక భయం లేదు’ అన్నారు. డబ్బు తీసుకోలేదు.

పది రోజుల తరువాత హైవే పక్కన పంక్చర్ వేయిస్తుంటే, చక్రం ఊడదీసిన కుర్రవాడు ఆ పై బోల్టును వేళ్లతో తిప్పి చూపించాడు. తిరిగింది. బయటికి తీస్తే మర మీద, అంటే బోల్టు చుట్టూ తిరిగే గాడి మీద, నీళ్ల గొట్టాలకు చుట్టే తెల్ల టేపు. ‘మర పోయింది అన్నా, టేపు చుట్టి నిలబెట్టారు’ అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఇంట్లో మాటలు పెరిగాయి. ఆ షెడ్డు గడప ఇక తొక్కవద్దని భార్య అంటున్నారు. కంపెనీ సర్వీసు వారు వెనక కాలిపర్లు రెండూ మార్చాలని, 26 వేలు అవుతుందని చెప్పారు. బండిని అక్కడ ఇస్తే ఆ సంగతి అక్కకు తెలియకుండా ఉండదు. పైగా అర్ధరాత్రి ఏరియేటరు ఆగిపోతే పరుగున వచ్చేది ఆ బావే. ‘మా నాన్న కూర్చునే బండి అని తెలిసి కూడా ఎందుకు దాచాడు? అడగాలా, ఊరుకోవాలా? బండిని ఏం చేయాలి?’ అని అడిగారు. చివర, సంతకం పైన, ఇంకో ముక్క రాశారు: ‘అన్నట్టు, హ్యాండ్ బ్రేకు ఇప్పుడు పైకంటా లాగితేగాని పట్టడం లేదు. ఇది వేరే సమస్యేమో.’

ఇక నా మాట.

మీరు సంతకం పైన ఇరికించిన ఆ ముక్క వేరే సమస్య కాదు. నా లెక్కలో మీ ఉత్తరానికి అదే మొదటి వాక్యం. దాని దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఒక పని ఉంది. ఈ ఒక్క చోట మాత్రం నేను మీకు రెండు దారులు చూపించను.

ఆ బోల్టు సంగతి తేలేదాకా మీ నాన్నగారిని ఆ బండి ఎక్కించకండి. మీరూ ఎక్కకండి. డయాలసిస్ రోజు ఆగదు కాబట్టి రెండు వారాలకు అద్దె బండి మాట్లాడుకోండి. పది రోజులు నడిచింది కదా అని మీకు అనిపిస్తుంది. నడుస్తుంది కూడా. టేపు ఉన్న బోల్టు ఒకేసారి ఊడదు. ఒక్కో గతుకుకూ కొంచెం కొంచెం వెనక్కి తిరుగుతుంది. అది పూర్తిగా రాలిన రోజు కాలిపర్ కింది బోల్టు మీద తలుపులా తెరుచుకుని తిరిగే చక్రానికి లోపలి వైపు కొట్టుకుంటుంది. దానికి వచ్చే రబ్బరు గొట్టం తెగితే బ్రేకు ఆయిల్ కారిపోతుంది. ఇప్పటి కార్లలో బ్రేకు ఆయిల్ రెండు వేరు వేరు దారుల్లో పోతుంది కాబట్టి మొత్తం బ్రేకు పోదు, సగం మిగులుతుంది. ఆ మిగిలిన సగం కోసం పెడల్‌ను మామూలు కంటే చాలా లోతుకు తొక్కాలి. కోవూరు దాటాక ముందు లారీ హఠాత్తుగా ఆగితే, ఆ లోతు వెతుక్కునే వ్యవధి మీకు ఉండదు.

టేపు ఎందుకు పనికిరాదో కూడా చెబుతాను, ఎందుకంటే మీ బావగారు అది ద్రోహబుద్ధితో చుట్టి ఉంటారని నేను అనుకోవడం లేదు. నీళ్ల గొట్టంలో టేపు పని కారకుండా అడ్డుపడటం. బోల్టు పని అది కాదు. బోల్టు బిగించినప్పుడు సన్నగా సాగుతుంది, ఆ సాగిన ఇనుము వెనక్కి లాగే బలమే రెండు ముక్కలను కలిపి పట్టుకుంటుంది. మర లేని చోట సాగడానికి పట్టే లేదు. పైగా ఆ టేపు జారుడు వస్తువు. చేతికి బిగువు తగిలినట్టు అనిపించి ఉంటుంది, అంతే.

ఇప్పుడు మర పోయింది ఎక్కడ అన్నది చూద్దాం. మీరు రాసిన ఒక్క వివరం నాకు చాలా ఉపయోగపడింది. బోల్టు విప్పుతుంటే లోపలి కడ్డీ కూడా తిరిగిందన్నారు. అంటే మీ బండిలో ఆ బోల్టు నేరుగా కాలిపర్‌ను మోసే ఇనుప బ్రాకెట్‌లోకి దిగదు. రబ్బరు తొడుగులో జారుతూ ఉండే పిన్నులోకి దిగుతుంది. ఆ పిన్ను మెడ దగ్గర రెండు వైపులా చదునుగా చెక్కి ఉంటుంది. అక్కడ పలచటి పానా పెట్టి పట్టుకుని, ఇంకో పానాతో బోల్టు తిప్పాలి. మామూలు పానా మందంగా ఉంటుంది, ఆ సందులో దూరదు. మీ బావగారి షెడ్డులో పలచటి పానా ఉండి ఉండదు. ట్రాక్టరు పనిలో దాని అవసరమే రాదు. పిన్నును దేనితోనో కరిపించి పట్టుకుని, తిరిగి బిగించేటప్పుడు ట్రాక్టరు బోల్టుకు పెట్టే బలమే దీనికీ పెట్టి ఉంటారు. ఈ బోల్టుకు చాలా కార్లలో 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, చక్రం నట్లకు పెట్టే దానిలో మూడో వంతు. మీ బండికి ఎంతో దాని సర్వీసు పుస్తకంలో ఉంటుంది, ఆ అంకెనే పాటించాలి.

నా ఊహ నిజమైతే మీకు కావలసింది ఒక పిన్నూ ఒక బోల్టూ. అవి రబ్బరు తొడుగులతో కలిపి కిట్టుగా దొరుకుతాయి. మీ ఇంట్లో ఇన్ని రాత్రుల నిద్ర పాడుచేసిన వస్తువు ఖరీదు, రెండు వైపులకూ కలిపి కొన్నా, ఆ 26 వేల ముందు లెక్కలోకి రాదు.

ఊహ తప్పు కావచ్చు కాబట్టి తక్కిన చోట్లు కూడా చెబుతాను. పిన్ను బ్రాకెట్‌లోకే మరతో దిగే రకమైతే, బ్రాకెట్‌ను విప్పి సంచిలో వేసుకుని లేతు షాపుకు తీసుకువెళ్లవచ్చు. పాత మరను కాస్త పెద్దదిగా తొలిచి, కొత్త మర కోసి, అందులో ఉక్కు తీగ చుట్ట దింపుతారు. హెలికాయిల్ అంటే లేతు వారికి తెలుసు. సరిగ్గా దింపితే అది అసలు మర కంటే తక్కువేమీ కాదు. చేసేవారి చెయ్యి మీద నమ్మకం లేకపోతే కొత్త బ్రాకెట్ కొనుక్కోవడం మేలు. బ్రాకెట్‌ను చక్రం ఇరుసు దగ్గర పట్టి ఉంచే పెద్ద బోల్టుల మర పోతే వ్యవహారం ఇంకా బరువైనది. దానిని మంచి లేతు చోటనే చేయించాలి, ఇంటి దగ్గర ప్రయోగాలు వద్దు. ఆయిల్ గొట్టం కలిసే చోటో, ఆయిల్‌లో చేరిన గాలి తీసే నిపుల్ దగ్గరో మర పోతే మాత్రం నేను మరమ్మతు మాటే ఎత్తను. అక్కడ బ్రేకు తొక్కినప్పటి ఆయిల్ ఒత్తిడంతా ఉంటుంది. ఆ కాలిపర్ మార్చవలసిందే.

బ్రాకెట్ విప్పినప్పుడు కాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి. ఒక తీగతో పైన స్ప్రింగుకు కట్టి ఉంచండి.

ఇక హ్యాండ్ బ్రేకు. మీరు కోపం తెచ్చుకున్నది చిన్న నష్టం మీద. పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, అది మీ ఇద్దరికీ తెలిసినట్టు లేదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. మీ బండికి వెనక కూడా డిస్కే కాబట్టి, బహుశా హ్యాండ్ బ్రేకు తీగ వచ్చి కాలిపర్ మీది చిన్న లివరుకే తగులుకుంటుంది. ఆ లివరు లోపల ఒక మరను తిప్పి పిస్టన్‌ను తోస్తుంది. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆ మర తనంతట తానే సర్దుకుంటూ పోతుంది. ఇలాంటి పిస్టన్ ముందు చక్రాల పిస్టన్‌లా నొక్కితే వెనక్కి పోదు. నొక్కుతూ తిప్పాలి. దానికోసం వేరే పనిముట్టు ఉంది. ఎక్కువ బండ్లకు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతారు, కొన్నిటికి ఒక పక్క ఎదురు వైపు ఉంటుంది. సీ క్లాంపు పెట్టి బలంగా నొక్కితే లోపల సర్దుబాటు చేసే మర దెబ్బతింటుంది. అది దెబ్బతిన్న గుర్తుల్లో ఒకటి ఏమిటో మీరే రాశారు: హ్యాండ్ బ్రేకు పైకంటా వచ్చాక గాని పట్టడం లేదు.

మీ బావగారికి తెలియనితనం వల్ల వచ్చిన నష్టం అది. మర పోయినట్టు ఆయనకు తెలుసు, అది దాచారు. క్లాంపు వల్ల ఏం పోయిందో తెలియదు, కాబట్టి అందులో దాచడమన్నది లేదు. మీరు రెండిటినీ కలిపి ఒకే కోపం చేసుకోకుండా ఉంటే రేపు ఆయనతో మాట్లాడేటప్పుడు పనికి వస్తుంది.

ఇందులో మీ వాటా కూడా ఉంది, అనకుండా ఉండలేను. ఉప్పు గాలిలో, ఉప్పు బురద అంటిన చక్రాలతో, వానలో, 12 రోజులు హ్యాండ్ బ్రేకు లాగి ఉంచారు. అది పట్టేస్తే బావను పిలవకుండా ఇంజను బలంతో విదిలించారు. ఆ ‘టంగు’ చప్పుడు డిస్కుకు అంటుకున్న ప్యాడు విడిన చప్పుడే అయి ఉండవచ్చు. అలా అంటుకోవడం సాధారణం, చాలాసార్లు దానివల్ల పెద్దగా చెడేది ఏమీ ఉండదు. కానీ ఆ తరువాత కూడా చక్రం వేడెక్కుతోందంటే ఇంకేదో పట్టుకునే ఉంది. బావగారు క్లాంపు చేతిలోకి తీసుకోకముందే ఆ బండి జబ్బుతో వచ్చింది.

ఆ జబ్బు ఏమిటో తేల్చకుండా 26 వేలు పెట్టినా, మళ్లీ ఏడాదికి అదే వాసన రావచ్చు. తేల్చడం కష్టమేమీ కాదు. సమతలంగా ఉన్న నేల మీద ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు దింపి, వెనక జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదానినే నమ్మకుండా కింద స్టాండో గట్టి దిమ్మో పెట్టండి. బ్రేకు ఒకసారి తొక్కించి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే నిపుల్‌ను కొద్దిగా వదులు చేయండి. కాస్త ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే తప్పు కాలిపర్‌ది కాదు, రబ్బరు గొట్టానిది. గొట్టం లోపల ఉబ్బి, పోయిన ఆయిల్‌ను తిరిగి రానివ్వడం లేదన్నమాట. అప్పటికీ వదలకపోతే కాలిపర్ మీది లివరు చూడండి. హ్యాండ్ బ్రేకు దింపినప్పుడు అది పూర్తిగా వెనక్కి వెళ్లి తన అడ్డుకు ఆనుకోవాలి. ఆనుకోకపోతే తీగను లివరు నుంచి తప్పించండి. తప్పించగానే లివరు టక్కున వెనక్కి పోతే తీగ తొడుగులో తుప్పు ఉంది, తీగ మారిస్తే సరిపోతుంది. తీగ లేకపోయినా లివరు సగంలోనే నిలబడితే, దాని ఇరుసు కాలిపర్ లోపల తుప్పు పట్టిందని అర్థం. మీ కథ విన్నాక నా అనుమానం ఎక్కువగా దీని మీదే.

పిన్నుల సంగతి ప్యాడ్లు చెబుతాయి. ప్యాడు ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వాలుగా అరిగి ఉంటే పిన్ను జారడం లేదు. ఇంకొక చిన్న విషయం, చాలామంది దాటవేస్తారు: మీ రకం పిస్టన్ల ముఖం మీద చాలా వాటికి అడ్డంగా గాడి ఉంటుంది, లోపలి ప్యాడు వెనక ఒక బొడిపె ఉంటుంది. ఆ బొడిపె ఆ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడు ఏటవాలుగా నిలిచి, అన్నీ బాగున్నా చక్రాన్ని పట్టేస్తుంది. ‘కాలిపర్ జామ్’ అని తెచ్చిన ఒక బండికి ఈ ఒక్కటి సరిచేస్తే సరిపోవడం నేను చూశాను.

లివరు ఇరుసే బిగిసిందని తేలితే ఏం చేయవచ్చు? కంపెనీ కాలిపర్ ఖరీదైనది, అందులో దాగి ఉన్న చిక్కు ఏదీ ఉండదు. కానీ రెండో వైపు ఎందుకు మార్చాలో వారిని కాగితం మీద రాసి ఇమ్మనండి. ప్యాడ్లు రెండు వైపులా ఒకేసారి మార్చాలి, అది నిజం. కాలిపర్లకు ఆ నియమం లేదు. కుడి వైపు లివరు చక్కగా వెనక్కి పోతూ, పిన్నులు జారుతూ, పిస్టన్ చుట్టూ రబ్బరు చిరగకుండా ఉంటే దానిని శుభ్రం చేసి గ్రీజు పెట్టి వాడుకోవచ్చు. అదీ అదే ఉప్పు తిన్నది కాబట్టి విప్పి చూడకుండా బాగుందనడానికి లేదు.

ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ల కిట్టు తెచ్చి పాతదానినే విప్పి బాగు చేయించడం రెండో దారి. ముందు చక్రాల కాలిపర్ అయితే నేనే ప్రోత్సహిస్తాను. ఈ రకంలో మాత్రం లోపల గట్టి స్ప్రింగు, దానిని ఆపే రింగు, మర, సన్న సీళ్లు ఉంటాయి. బ్రేకు పని మాత్రమే చేసేవారు నెల్లూరు ఆటోనగర్‌లో ఎవరైనా ఉన్నారేమో అడిగి, వారి చేత చేయించండి. పిస్టన్ మీద తుప్పు గుంటలు పడితే సీలు మార్చినా నిలవదు.

మూడోది పాత బండ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేట. మన వైపు వారికి ఆ దారి కొత్త కాదు. పాత కాలిపర్ చవకగా దొరుకుతుంది. అద్దాలో డోరు హ్యాండిలో అయితే కళ్లు మూసుకుని తెచ్చుకోమంటాను. కాలిపర్ లోపల సీలు ఎలా ఉందో, లివరు ఇరుసులో తుప్పు ఎంత ఉందో బల్ల మీద పెట్టి చూస్తే తెలియదు. తప్పనిసరిగా తేవలసి వస్తే సీలు కిట్టు కూడా వేయించే ఉద్దేశంతోనే తీసుకోండి. ఎడమదే తెస్తున్నారో లేదో చూసుకోండి. ఎడమ చోట కుడిది కొన్నిసార్లు బోల్టులకు కూర్చుంటుంది కూడా, కానీ నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన ఉంటుంది, నిపుల్ కింద ఉంటుంది. ఎంతసేపు తొక్కినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

ఏ కాలిపర్ వేసినా గొట్టం కలిసే చోట రాగి వాషర్లు కొత్తవి వేయించండి. డిస్కు మీద నీలం మచ్చలూ పగుళ్లూ ఉన్నాయేమో చూడండి. కనీస మందం ఎంత ఉండాలో చాలా డిస్కుల అంచు మీదో మధ్య భాగం మీదో పోతపోసి ఉంటుంది. పిన్నులకు బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పెట్టాలి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుస్తుంది. ఆ చుట్టుపక్కల డీజిలు, కిరసనాయిలు తగలనివ్వకండి. బ్రేకు ఆయిల్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయండి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగుతుంది. పట్టేసిన చక్రం దగ్గర అంత వేడి పుట్టడం పెద్ద మాట కాదు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. మీరు బండి కొని మూడేళ్లయింది, ఆయిల్ మార్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండేళ్లకు ఒకసారి మార్చాలి.

పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. హ్యాండ్ బ్రేకు తీగ బిగువు అన్నిటి కంటే చివర సరిచూడాలి.

ఇక మీ బావ సంగతి. ఎందుకు దాచాడని అడిగారు. నేను 30 ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పరీక్షకు వచ్చిన అధికారి కారుకు బ్రేకులో గాలి తీయబోయి నిపుల్ విరగ్గొట్టాను. సగం ముక్క నా పానాలో, సగం లోపల. చుట్టూ 20 మంది పిల్లలు. ఎవరూ చూడలేదనుకుని దాని మీద గ్రీజు రాసి చక్రం ఎక్కించాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లవారి ఆయన బయలుదేరకముందే పోయి చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు నాకు గుర్తు లేవు గానీ, ఆ గ్రీజు చల్లదనం ఇప్పటికీ వేళ్లకు గుర్తుంది. నేను అంత త్వరగా చెప్పడానికి కారణం నా నీతి కాదు. ఆయన పైవాడు, భయం. మీ బావగారికి ఆ భయం లేదు. ఆయనకు ఉన్నది ఊళ్లో పేరు, ఎదురుగా భార్య తమ్ముడు. ఆ రెండిటి మధ్య ‘నా చేత మర పోయింది’ అన్న మాట గొంతు దాటడం చాలా కష్టం. దాచడం తప్పే, అందులో సందేహం లేదు. ఎందుకు అని మీరు అడిగారు కాబట్టి ఇది చెప్పాను.

మీ ముందు ఉన్నవి నాకు తోచినంతలో చెబుతాను. ఏమీ అనకుండా బండిని కంపెనీ సర్వీసులో ఇచ్చేయవచ్చు. బండి బాగవుతుంది. ఆ సంగతి మీ అక్క చెవిన ఎవరి నోటి ద్వారానో పడుతుంది, మీ నోటి ద్వారా కాదు. బావగారు కారణం ఊహించుకుంటారు, బోల్టు మీరు చూశారని అర్థం చేసుకుంటారు. ఆ తరువాత ఏరియేటరు ఆగిన రాత్రి ఆయన రాకుండా ఉండరు, వస్తారు. కానీ మీరు ఫోను చేయడానికి వెనకాడతారు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయే వేళ మీరు వెనకాడే పావుగంట ఎంత ఖరీదో నాకంటే మీకే తెలుసు.

నాన్నగారి ముందో, అక్క ముందో ఆ బోల్టు బల్ల మీద పెట్టి అడగవచ్చు. మీ కోపం తీరుతుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు, ‘పంక్చర్ కుర్రవాడు పాడుచేశాడు’ అనవచ్చు. ఒకసారి అలా అన్నాక, నిజం చెప్పడం ఆయనకు ఇంకా కష్టమవుతుంది.

లేదా ఎవరూ లేనప్పుడు షెడ్డుకు వెళ్లి, ‘బావా, ఆ పై బోల్టు చేతికి తిరుగుతోంది. నాన్నను ఎక్కించుకోవాలంటే భయంగా ఉంది. ఒకసారి ఇద్దరం విప్పి చూద్దాం’ అని అడగవచ్చు. టేపు మాట ఎత్తకండి. విప్పగానే అది ఆయన చేతిలోనే ఉంటుంది. అప్పుడు ఆయన నోరు విప్పి ఒక్క మాట అంటే, దానిని పట్టుకుని సాగదీయకండి. ఏమీ అనకుండా టేపు తీసి పారేస్తే, అప్పుడు మీరు అడగండి: ‘బావా, ఇది చెప్పి ఉండవలసింది.’ అంతవరకే. అక్కడ కూడా ఆయన బుకాయిస్తే బ్రేకు పని మటుకు ఇకపై ఆయనకు ఇవ్వకండి. ఏరియేటర్ల పని ఇస్తూనే ఉండవచ్చు. ఇంజను పనిలో ఆయన చేతిని మీరు ఇన్నేళ్లుగా నమ్మారు, దానికి ఇది అడ్డం రానక్కరలేదు.

ఆయనతోనే చేయిద్దామనుకుంటే సామాను మీరు తెచ్చి పెట్టండి, ఆ అమరిక తెలిసిన మెకానిక్‌ను ఒక పూటకు పిలిపించండి. గాలి తీయడం ఎలాగూ ఇద్దరి పని. ఒకరు లోపల పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద నిపుల్ తెరిచి మూయాలి. ‘తొక్కు’, ‘పట్టు’, ‘వదులు’ అని కేకలు వేసుకుంటూ బుడగలు ఆగేదాకా చేస్తారు. మీరు పెడల్ దగ్గర కూర్చోండి. ఖర్చులో ఆయన వాటా అడగవద్దని నా సలహా, ఆయన మొదట కూలి కూడా తీసుకోలేదు కదా. అలాగని ఖరీదు దాచకండి.

మీ ఇంట్లో ఆవిడ అన్నది పట్టింపుతో అన్న మాటగా తీసుకోకండి. బోల్టు వేళ్లకు తిరిగిందని విన్న ఎవరికైనా వచ్చే భయం అది. పని అయ్యాక బండిని ఒకసారి బ్రేకు తెలిసిన మూడో మనిషికి చూపిస్తానని ముందే ఆవిడతో చెప్పండి, చూపించండి కూడా. బావగారు చేసినా, కంపెనీ వారు చేసినా, నేను చేసినా ఆ పరిశీలన ఉండవలసిందే.

ఇకపై గుంటల నుంచి వచ్చిన రోజు చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగి, కాసేపు నడిపి, మెల్లగా బ్రేకు తొక్కుతూ ఆరనివ్వండి. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు సమతలంలో గేరులో ఉంచి చక్రాలకు దిమ్మలు పెట్టండి, హ్యాండ్ బ్రేకు లాగకండి.

ఆ పిన్ను మెడ వెడల్పు కొలిచి రాసుకుని, ఆ కొలతకు సరిపోయే పలచటి పానా, పిస్టన్ తిప్పే పనిముట్టు నెల్లూరులో కొనండి. పని అయ్యాక ఆ రెండూ మీ డిక్కీలో వేసుకోకండి, బావ షెడ్డులోనే వదిలేసి రండి.